రెండో చెయ్యి

మొన్న చిక్కబళ్ళాపురంలో ట్రాక్టరు సామాన్ల అంగడికి వెళ్ళాను. ఆ ఊళ్ళోనే ఒక షెడ్డులో నాకోసం కొత్త నీళ్ళ ట్యాంకరు తయారవుతోంది. దాన్ని ట్రాక్టరుకు తగిలించే పిన్ను, ఆ పిన్ను ఎగిరిపోకుండా కింద వేసే లాకు కొనాలి. అంగడాయన అరలోంచి ఒక పిన్ను తీసి, దానికి చుట్టిన నూనె కాగితం విప్పాడు. గ్రీజూ ఇనుమూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలేసరికి నాకు పచ్చి మల్బరీ తోట గుర్తుకొచ్చింది. ఇనుము వాసనకు తోట గుర్తుకు రావడమేమిటంటే, దాని కథ ముందుంది. అంగడాయన లాకు తీసి పిన్ను చివర నొక్కి చూపించాడు. టక్కుమంది. ఆ చప్పుడు వినగానే నా చెయ్యి దానంతట అదే పక్కకు జరిగింది, ఇంకెవరి చేతికో చోటు ఇస్తున్నట్టు. అక్కడ అంగడాయన, నేను తప్ప ఎవరూ లేరు.

"ఇది అన్నిటికీ సరిపోతాదమ్మా. యే ట్రాక్టరైనా కానీ, యే ట్యాంకరైనా కానీ. కండ్లు మూసుకోని తీసుకపోండి" అన్నాడాయన. నాకు నవ్వొచ్చింది. ఈ మాట నాకు ట్రాక్టరు నేర్పిన అశ్వత్థమ్మ చెవిన పడి ఉంటే, "కండ్లు మూసుకోని కొనేది కర్పూరం ఒగటేనప్పా, తక్కినవన్నీ కండ్లు తెరిచే కొనల్ల" అని ఉండేది. అని ఊరుకునేది కూడా కాదు, ఆ అంగడిలో ఉన్న పిన్నులన్నీ బల్ల మీద పరిపించి, ఒక్కొక్కటే చేత్తో తూచి, చివరికి ఏదీ నచ్చక వేరే అంగడికి నడిచేది. ఆమె పోయి కొన్నేళ్ళయింది. నేనింకా ఆమె వెనకాలే అంగళ్ళు తిరుగుతున్నట్టుంటుంది.

చింతామణికీ కైవారానికీ నడుమ ఉంది మా ఊరు. నేను అక్కడికి కోడలిగా వచ్చాను. మా ఆయన బెంగుళూరులో పని చేస్తూ ఆదివారం ఆదివారం వచ్చేవాడు. మిగతా దినాలన్నీ నేనూ మా అత్తా. మా అత్త చెడ్డమనిషి కాదు, కానీ ఆమెకు ఒక నమ్మకం పడిపోయింది. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో పాలిచ్చే ఆవు చచ్చిపోయింది. ఆ తరువాత నేను తోడేసిన పాలు విరిగిపోయాయి, నేను నాటిన చిక్కుడు మొలవలేదు. "దీని హస్తవాసి మంచిది కాదు" అని వీధిలో అందరితో చెప్పేది. చెప్పగా చెప్పగా నాకూ అదే నిజమనిపించింది. ఎవరింట్లోనైనా పేరంటానికి వెళితే, పసుపు గిన్నె అందుకోవడానికి కూడా చెయ్యి వెనక్కి పోయేది. మనిషికి ఒక చెయ్యి మీద నమ్మకం పోతే ఆ చేత్తో చేసే పనులన్నీ సగం సగమే అవుతాయి. విరక్కుండా ఉండాల్సిన పాలు కూడా విరుగుతాయి.

అశ్వత్థమ్మది మా పక్కిల్లు. నాకు చుట్టం కాదు, అయినా పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పిల్లల్లేరు, భర్త చిన్న వయసులోనే పోయాడు. మల్బరీ తోట, ద్రాక్ష తోట, ఒక ట్రాక్టరు, దానికి ఒక ట్రాలీ, ఒక నీళ్ళ ట్యాంకరు ఆమె ఆస్తి. బోర్లు ఎండిపోయే మా సీమలో నీళ్ళ ట్యాంకరు ఉన్నవాళ్ళ మాటకు బరువుంటుంది. ఆమె ట్రాక్టరు ఆమే తోలేది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, తలకు తుండు చుట్టి, నోట్లో వక్కాకు నములుతూ, గేరు మార్చినప్పుడల్లా ఇంజనును ఒక తిట్టు తిట్టేది. నేను ఆమె తోటలో ఆకు కోసే పనికి వెళ్ళేదాన్ని. ఒకనాడు ఆమె దగ్గర పనిచేసే మనిషి చెప్పకుండా మానేశాడు. ఆమె నా ముందుకొచ్చి నిలబడి, "భాగ్యా, ట్రాక్టరు నేర్చుకుంటావా?" అంది.

"నా చేతికి ఏమిచ్చినా చెడిపోతాదంట పెద్దమ్మా" అన్నాను.

"ఎవరు చెప్పింది, మీ అత్తనా? ఆమె చేత్తో చేసిన సంగటి ఎప్పుడన్నా ఉండ కట్టకుండా ఉండాదా? రా, ఎక్కు" అంది. అంతే. నా చేతి గురించి ఆ వీధిలో జరిగిన విచారణ అంత చిన్నది.

ట్రాక్టరు తోలడం త్వరగానే వచ్చింది. తగిలించడం రావడానికే నిండా కాలం పట్టింది, ఎందుకంటే ఆమె తోలడానికి పెట్టని పరీక్ష తగిలించడానికి పెట్టేది. ట్రాక్టరు వెనక దవడలాగా పైనొకటి, కిందొకటి రెండు ఇనుప పలకలుంటాయి. ట్రాలీ ముక్కుకు ఒక రింగు ఉంటుంది. రింగును ఆ దవడలోకి తెచ్చి, పై పలక, రింగు, కింది పలక మూడింటి గుండా పిన్ను దించాలి. ఎవరైనా దించుతారు. కానీ దిగినంత మాత్రాన అది జత కాదని ఆమె వాదన. పిన్ను సన్నమైతే లోపల కొట్టుకుని రింగును తినేస్తుంది. లావైతే దిగదు, సుత్తి పెట్టి దించితే మళ్ళీ రాదు. పొట్టిదైతే లాకు పెట్టే బొక్క కింది పలకలోపలే ఉండిపోతుంది, అప్పుడు లాకు చేతిలోనే ఉండిపోతుంది. "సంబంధం చూసేటప్పుడు పిల్లను చూస్తాము, పిల్లోణ్ణి చూస్తాము. ఇద్దరూ బాగుండారని కాదు, ఇద్దరికీ సరిపోతాదా లేదా అని చూడల్ల" అనేది. తనకు సంబంధాలు చూసిన అనుభవం ఏమీ లేకపోయినా ఆ పోలిక ఆమెకు మహా ఇష్టం.

కొలతకు ఆమె దగ్గర టేపు లేదు. తోటలోకి వెళ్ళి మల్బరీ కొమ్మల్లో ఒకటి తెంపి, ఆకు దూసేసి, పలకల బొక్కలో దూర్చి చూసేది. వదులైతే ఇంకొంచెం లావుది. కచ్చితంగా పట్టేది దొరికాక దాన్ని జానెడు కోసి, కొంగున ముడేసుకుని అంగడికి వెళ్ళేది. "పచ్చి పుల్లే తీసుకపోవల్ల. ఎండింది అబద్ధం చెప్తాది" అనేది. అందుకే నాకు ఇనుము కొనే అంగళ్ళన్నిట్లో పచ్చి మల్బరీ వాసన వస్తుంది.

ఇన్ని నేర్చుకున్నాక, పిన్ను నేనే వేసి, లాకు నేనే నొక్కి, టక్కుమన్న చప్పుడు చెవులారా విని ట్రాక్టరెక్కబోతే, ఆమె వెనక్కి వచ్చేది. వంగి, ఆ లాకు మీద చెయ్యి పెట్టి, ఒకసారి పట్టి లాగి చూసి, "ఊఁ, పోయిరామ్మా" అనేది. ప్రతిసారీ. ఎండైనా, పనులు తరుముతున్నా, నేను ఆమె కళ్ళముందే తగిలించినా. మొదట్లో ఊరుకున్నాను. రోజులు గడిచే కొద్దీ ఆ చెయ్యి నాకు ముల్లులాగా తగిలేది. నా చేతి పని మీద నమ్మకముంటే మళ్ళీ లాగి చూడ్డం దేనికి? నోటితో నా హస్తవాసి మంచిదే అంటుంది, చేత్తో మాత్రం మా అత్త మాటే చెబుతుంది అనుకునేదాన్ని. ఇంకో సంగతీ గమనించాను. ఆమె తన చేత్తో పిన్ను వేసేది కాదు. తోలేది తనే అయినా సరే, తగిలించడానికి ఎవరినో ఒకరిని పిలిచి, తను రెండో చెయ్యి పెట్టేది. యజమానురాలు కదా, వంగే పని మనకు చెబుతుందని నా లెక్క.

ఆ ఏడు ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ పండగకు కొడవళ్ళు, పారలు, ట్రాక్టరు స్పానర్లతో పాటు ట్రాలీ పిన్నులు కూడా ఊడదీసి, కడిగి, పీట మీద పెట్టి పసుపు కుంకాలు పూస్తారు. పసుపు దారానికి పసుపుకొమ్ము కట్టి ఒక్కోదానికి కంకణం చుడతారు. ఆ దారం దానంతట అది పోవాలే గానీ తెంచకూడదంటారు. నేను తలస్నానం చేసి, ఆమె ఇంటి వాకిట్లో కూర్చుని అన్నిటికీ కంకణాలు కడుతున్నాను. కొడవలికి కట్టాను, పారకు కట్టాను, చక్రానికి కట్టాను, ఆమె చూసి సంతోషంగా తలూపింది. పిన్ను చేతిలోకి తీసుకుని దారం అందుకోబోతుంటే, "దానికి వద్దు" అంది.

"అన్నిటికీ కట్టినా కదా పెద్దమ్మా. ఇదొక్కటే బోసిగా ఉంటాది."

"వద్దంటే వద్దు. నువ్వు కట్టొద్దు దానికి. ఇట్లియ్యి" అని నా చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. వీధిలో వాళ్ళు చూస్తున్నారు. మా అత్త తన గడప మీద నిలబడి ఉంది. నోరు తెరవాల్సిన పని లేకుండానే, ఆమె ఇన్నాళ్ళూ చెప్పిన మాటను ఊళ్ళోకెల్లా పెద్దదిక్కు నిలువునా ఒప్పుకున్నట్టయింది. నేను పసుపు చేతులతోనే లేచి ఇంటికొచ్చేశాను. ఆ రోజు ఏడ్చిన ఏడుపు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. రేపటి నుంచి ఆ ఇంటికి వెళ్ళకూడదనీ, ట్రాక్టరు మొహం చూడకూడదనీ నిర్ణయించుకున్నాను.

మరునాడు నన్ను వెతుక్కుంటూ ఆంజినప్ప మామ వచ్చాడు. అశ్వత్థమ్మ తమ్ముడు. బాగేపల్లిలో టీ అంగడి పెట్టుకుని ఉండేవాడు, ప్రతి పండక్కీ అక్క దగ్గరికి వచ్చేవాడు. ఒక కాలు మోకాలి కింద సన్నబడి, కర్ర లేకుండా నడవలేడు. అది పుట్టుకతో వచ్చిందనే అనుకునేదాన్ని. అడగడానికి మర్యాద అడ్డం. అరుగు మీద కర్ర ఆనించి కూర్చుని, "అక్క నిన్న అన్నం తినలా" అన్నాడు. నేను మంచినీళ్ళు తెచ్చిస్తే తాగి, చెప్పడం మొదలుపెట్టాడు.

"ట్రాలీ నేను తోలుతాంటినమ్మా ఆ కాలంలో. దసరాకు అక్కే అన్నిటికీ కంకణం కట్టింది. పిన్నుకూ కట్టింది. జారిపోకుండా గట్టిగా ఉండల్లని, లాకు పెట్టే బొక్కలోనే దారం దూర్చి ముడేసింది. తెల్లారి రాగిగడ్డి ఏసుకోని పోదామని తగిలిస్తే లాకు దూరలా. దారం తెంచింటే సరిపోయేది. అక్క కట్టింది, పూజ దారం, నేనెట్ల తెంచేది, సాయంత్రం అక్క చేతనే విప్పిస్తాములే అనుకుంటి."

తరువాత జరిగింది ఆయన నవ్వుతూ చెప్పాడు. ఊరి బయట మిట్ట ఎక్కుతుండగా పిన్ను ఎగిరిపోయింది, గడ్డితో సహా ట్రాలీ వెనక్కి పోసాగింది. వెనక ఆడవాళ్ళు నడిచి వస్తున్నారు. "చక్రం కింద రాయి పెడదామని దూకితి. రాయి కంటే ముందు నా కాలు పాయ. అయితే ఏమి, ట్రాలీ నిలిచిపాయ" అన్నాడు. ఆడవాళ్ళకు ఏమీ కాలేదట.

"ఆ పొద్దు నుంచి అక్క పిన్నుకు దారం కట్టదు. ఎవరినీ కట్టనీదు. తన చేత్తో పిన్ను వెయ్యను కూడా వెయ్యదు. ఇంకో చెయ్యి పెట్టి చూసుంటే దారం తగిలేది కదరా, అప్పుడే తెలిసేది కదరా అని ఇప్పటికీ అంటాంటాది. నీ చెయ్యి మంచిది కాదని కాదమ్మా. ఆమెకు తన చెయ్యంటేనే భయం."

నేను లేచి వెళ్ళాను. అశ్వత్థమ్మ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి, "వచ్చినావా" అంది. నేను, "నువ్వు అన్నం తినలేదంట కదా, నేనూ తినలా. రెండు తట్టల్లో పెట్టు పెద్దమ్మా" అన్నాను. ఆమె లేచి రెండు తట్టల్లో సంగటి పెట్టింది. ఆనాటి నుంచి నేను తగిలించాక ఆమె వచ్చి వంగినప్పుడు నేను ఆగి, పక్కకు జరిగి, ఆమె చేతికి చోటు ఇచ్చేదాన్ని. ఒక చేతి తప్పును రెండో చెయ్యి పట్టుకోవాలి, అంతకుమించి అందులో ఇంకేమీ లేదని అప్పటికి గానీ తెలియలేదు.

తరువాతి వేసవిలో మా ఊరి దేవుడి పూల పల్లకి పండగ. పల్లకిని ట్రాలీ మీద కట్టి, మల్లెలూ కనకాంబరాలతో గోపురమంత అలంకరించి, ఊళ్ళు తిప్పి కైవారం దాకా తీసుకెళతారు. దానికొక కట్టుబాటు ఉంది. ఎవరి ట్రాక్టరు లాగుతుందో ఆ ఇంటి పెద్దే స్వయంగా పిన్ను వెయ్యాలి. అశ్వత్థమ్మ ఎన్నడూ తన ట్రాక్టరు పల్లకికి ఇవ్వకపోవడానికి కారణం పిసినారితనమని ఊరు అనుకునేది. ఆ ఏడు ఎప్పుడూ లాగే ట్రాక్టరు చెడిపోయింది. పెద్దలు వచ్చి అడిగారు. ఆమె చాలాసేపు వక్కాకు నమిలి, సరేనంది.

పొద్దున్నే పల్లకి ట్రాలీ దగ్గరకు ట్రాక్టరు తీసుకెళితే, అది పక్కూరి ట్రాలీ. రింగు అరిగి అరిగి బొక్క కోడిగుడ్డులా సాగిపోయింది. వాళ్ళు దాంతోపాటు ఇచ్చిన పిన్ను అందులో గలగలలాడుతోంది, పైగా పొట్టిది. లాకు బదులు కింద తీగ చుట్టి ఉంది. "ఇది కాదు. వేరే పిన్ను తేవల్ల, రింగుకు లోపల గొట్టం వేయించల్ల. అంత వరకూ బండి కదల్దు" అంది అశ్వత్థమ్మ. పూజారి, పెద్దలు, తప్పెట్లవాళ్ళు అందరూ చుట్టూ చేరారు. పూలు వాడిపోతాయన్నారు, మంచి గడియ దాటిపోతుందన్నారు. ఒక పెద్దాయన కోపంగా, "దేవుడి బండినే నిలిపేస్తావా తల్లీ? ఆయన్ను ఆయన కాపాడుకోలేడా?" అన్నాడు.

"ఆయన పైన కూచోనుంటాడప్పా, ఆయనకేమీ కాదు. వెనకాల నడిచొచ్చేది మన ఆడోళ్ళు, మన పిలకాయలు" అంది. గొంతు పెంచలేదు. ట్రాలీ ముక్కు మీద చెయ్యి వేసి అక్కడే నేల మీద కూర్చుంది. ఇక ఆమెను లేపి కదిలించగల మనిషి ఆ ఊళ్ళో లేడు.

తోటలోకి వెళ్ళి పుల్లలు తెమ్మని నాకు చెప్పింది. పలకల బొక్కకు ఒకటి, రింగుకు ఒకటి కోసి ఇచ్చి, పొడుగుకు ఇంకోటి కోసి, లాకు ఎక్కడ రావాలో కొడవలితో గాటు పెట్టింది. "రింగు పెద్దది, పలకలు చిన్నవి. పిన్ను పలకలకు సరిపోయేదే కొను. రింగులో మిగిలిన జాగాకు గొట్టం ముక్క తీసుకో, ఇక్కడే వెల్డింగు చేయిస్తాము." "లాకు?" అన్నాను. లాకుకు పుల్ల లేదు. ఆమె నా మొహం చూసి, "అది నీ చెయ్యే చూసుకుంటాది. పో, బిరీన రా" అంది.

మోపెడ్ మీద చింతామణికి వెళ్ళాను. అంగడిలో మల్బరీ పుల్లలు బల్ల మీద పెడితే అక్కడివాళ్ళు నవ్వారు, కానీ పుల్లల ప్రకారమే పిన్ను దొరికింది, గొట్టం దొరికింది. లాకుల డబ్బా నా ముందుకు తోశారు. ఒకటి వంపు తీగ క్లిప్పు, తేలిగ్గా దూరుతుంది, తేలిగ్గానే వస్తుంది. పల్లకికి వేలాడే పూలదండలు, దారిలో కొమ్మలు తగిలితే అది ఉండదు. రెండోది పుల్లలాంటిది, దానికి గుండ్రటి కడియం ఉండి, ఆ కడియం పిన్ను చివర మీదుగా వెనక్కి పడి పట్టేసుకుంటుంది. దాన్ని తీసి వేసి, వేసి తీసి, కళ్ళు మూసుకుని కూడా వేసి చూశాను. మా అత్త మాట గుర్తుకు వచ్చింది. పాలు, ఆవు, చిక్కుడు విత్తు అన్నీ గుర్తుకొచ్చాయి. ఈ లాకు ఊడితే నా చేతి పేరు ఇక ఏ జన్మకూ మారదు. అదే కొన్నాను.

వెల్డింగు అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అశ్వత్థమ్మ లేచి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, పిన్ను తీసుకుంది. చుట్టూ ఊరంతా ఉంది. ఇన్నేళ్ళ తరువాత ఆమె తన చేత్తో పిన్ను వేయడం ఇదే మొదటిసారని ఆ గుంపులో నాకు తెలుసు, ఎక్కడో దూరంగా కర్ర మీద నిలబడి ఉన్న ఆంజినప్ప మామకు తెలుసు. పిన్ను దించింది. ఆడలేదు. లాకు దూర్చి కడియం వెనక్కి వేసింది. టక్కుమంది. తప్పెట్లు మొదలవబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"భాగ్యా, నువ్వొచ్చి చెయ్యి పెట్టు" అంది.

నేను వెళ్ళి వంగి, ఆ లాకును పట్టి లాగి చూశాను. గట్టిగా ఉంది. లేచి, "ఊఁ, పోయిరా పెద్దమ్మా" అన్నాను. మా అత్త ముందు వరసలోనే ఉంది. ఆ సాయంత్రం పల్లకి కైవారం నుంచి క్షేమంగా తిరిగొచ్చాక, మా అత్త ఇన్నాళ్ళకు మళ్ళీ నన్ను పాలు తోడెయ్యమంది. పెరుగు బాగా తోడుకుంది. అంతకు ముందు కూడా తోడుకునేదేనేమో, చెప్పలేను.

ఆ తరువాత చాలా ఏళ్ళు మేమిద్దరం అలాగే గడిపాం. ఆమెకు కీళ్ళు పట్టేశాక వంగలేకపోయింది, తరువాత లేవనే లేకపోయింది. ట్రాక్టరు, ట్యాంకరు నేనే తిప్పేదాన్ని. పొద్దున తగిలించుకుని, ఆమె ఇంటి అరుగు పక్కగా తెచ్చి, పిన్ను సరిగ్గా ఆమె కూర్చున్న చోటికి వచ్చేట్టు ఆపేదాన్ని. ఆమె అరుగు మీంచే చెయ్యి చాచి లాకు తడిమి, లాగి చూసి, "పోయిరామ్మా" అనేది. కళ్ళకు పొర కమ్మాక చెయ్యి దారి వెతుక్కునేది, కానీ లాకు దగ్గరికి వచ్చాక పొరపాటు పడేది కాదు. ఒక్కోసారి ఆలస్యమవుతుంటే లోపల చికాకు పడ్డాను కూడా. ఇప్పుడు అలాంటి ఆలస్యం ఒక్కటి దొరికితే దినమంతా అక్కడే నిలబడి ఉంటాను.

ఆమె పోయి, కర్మలన్నీ అయ్యాక, మొదటి పొద్దున ట్యాంకరు తగిలించుకుని బయలుదేరాను. అలవాటున అరుగు పక్కన ఆపేశాను. ఆపాక గుర్తొచ్చింది. స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుండిపోయాను, కదిలించబుద్ధి కాలేదు. ఆంజినప్ప మామ ఇంకా బాగేపల్లికి తిరిగి వెళ్ళలేదు. ఇంట్లోంచి కర్ర చప్పుడు వినిపించింది. కాలు దెబ్బతిన్నప్పటి నుంచి ఆయన ట్రాలీని గానీ ట్యాంకరును గానీ తాకిందే లేదు, పక్కనుంచి పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేవాడు. అరుగు దిగి, కర్ర చంకలో పెట్టుకుని, మెల్లగా వంగి లాకు మీద చెయ్యి పెట్టాడు. లాగి చూశాడు.

"గట్టిగానే ఉండాది. పోయిరామ్మా" అన్నాడు. ఆ మధ్యాహ్నమే బాగేపల్లికి వెళ్ళిపోయాడు. ఇంటికి తాళం పడింది.

ఇప్పుడు ట్రాక్టరు నాదే, ఆమె నా పేర పెట్టి పోయింది. ఊళ్ళో నా చేతి మీద అందరికీ నమ్మకమే. పెళ్ళిళ్ళకు నీళ్ళు నేను తోలితే మంచిదంటారు, విత్తనాలు నా చేత ముట్టించి పట్టుకెళతారు. ఒకప్పుడు ఈ మాటల కోసం ఎంత ఏడ్చానో. అన్నీ వచ్చాయి గానీ, నా వెనకాల వచ్చి నా పని మళ్ళీ లాగి చూసే మనిషి లేదు. అందరూ నమ్మేసి ఊరుకుంటారు. నమ్మకుండా ఉండేంత ప్రేమ ఎవరికుంది?

అంగడాయన పిన్ను మళ్ళీ కాగితంలో చుట్టబోతుంటే ఆపి, సంచీలోంచి పొద్దున కోసుకొచ్చిన మల్బరీ పుల్లలు తీశాను. ఆయన చూపించింది సరిపోలేదు. ఇంకోటి తీయించాను, మరింకోటి తీయించాను, అది కుదిరింది. పాత పుల్ల ఒకటి కూడా ఆ సంచీలో ఉంటుంది, పల్లకి నాటిది. ఎండి, సన్నబడి, ఇప్పుడు ఏ బొక్కకూ సరిపోదు. దాన్ని కొలతకు తీసుకెళ్ళను, ఊరికే తీసుకెళతాను.

నిన్న కొత్త ట్యాంకరు ఇంటికొచ్చింది. ఈ పొద్దున దాన్ని మొదటిసారి తగిలించి, ఆ తాళం వేసిన ఇంటి అరుగు పక్కన ఆపి దిగాను. రోజూ దిగుతాను. కుడిచేత్తో వేసిన లాకు అది. ఇప్పుడు ఎడమచెయ్యి చాచి, దాన్ని పట్టుకుని ఒకసారి లాగి చూస్తాను. ఆ చెయ్యి నాది కాదు. పోయిరామ్మా అని నాకు నేను చెప్పుకోలేను కాబట్టి, ఆ మాట పూర్తయ్యేటంత సేపు ఊరికే నిలబడి, ఆ తరువాత ట్రాక్టరు ఎక్కుతాను.